చేతిదీపం – నాడు, నేడు

మాఘమాసపు రాత్రి. సత్తెనపల్లి వైపు ఒక మిరప కల్లం. పగలంతా ఎండిన కాయలను పొద్దుగూకేవేళకు కుప్పచేసి, మంచు పడకుండా పైన పట్టా కప్పినారు. నడిరేయి గాలి లేచినది. పట్టా కొస ఎగిరి టపటప కొట్టుకొంటున్నది. పాకలో పడుకొన్న నాయనమ్మ లేచి, మనుమడు పట్నం నుండి తెచ్చిన కొత్త టార్చిలైటు చేతికి తీసుకొన్నది. మీట నొక్కినది. కళ్ళు చెదిరే వెలుగు వచ్చినది. ఆర్పుదామని మళ్ళీ నొక్కినది. ఆరలేదు, వెలుగు తగ్గినది. మూడవసారి నొక్కితే దీపం మిణుకు మిణుకుమని కొట్టుకోసాగినది. ఇదేదో చెడిపోయినదనుకొని, దానిని మంచం మీద పడవేసి, తెలిసిన దారే గదా అని చీకటిలోనే నడిచిపోయినది.

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. గుంటూరు, ప్రకాశం మైదానాలలో పత్తి, మిరప పండించే ఏ ఇంట్లోనైనా జరుగగల సంగతి. ఆ చీకటిలో ఏమున్నదో మనకు తెలియనిది కాదు. నల్లరేగడి నేల ఎండినకొద్దీ నెఱ్ఱెలు విచ్చుతుంది. ఆ నెఱ్ఱెలలో ఎలుకలు, ఎలుకల వెంట పాములు చేరుతాయి. కట్లపాము రాత్రిపూట తిరిగేది. దాని కాటు ఒక్కొక్కప్పుడు నొప్పి కూడ తెలియనంత స్వల్పంగా ఉంటుంది. 2000 నుండి 2019 వరకు గల ఇరవై సంవత్సరాలలో మన దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షలమంది, అనగా సగటున ఏటా 58,000 మంది మరణించినారని పరిశోధకులు 2020లో లెక్కకట్టినారు. వీరిలో అత్యధికులు పల్లెవాసులు. కాబట్టి చేతిలో దీపం ఉండడం, ఆ దీపం కావలసిన క్షణంలో వెలగడం వేడుక విషయం కాదు, ప్రాణ విషయం.

అయితే దీపం మెరుగైనదనడానికి గుర్తు ఏమిటి? వెలుగు హెచ్చడమా? లేక దానిని పట్టుకొనేవారికి పని తగ్గడమా? చేతిదీపం చరిత్రను ఒకసారి తిరగవేస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

నిప్పుతో వెలిగే దీపాలు

మన పెద్దలకు చేతిదీపమంటే ప్రమిద, దివిటీ, ఆ తరువాత కిరసనాయిలు బుడ్డి, లాంతరు. ఆముదపు దీపాన్ని గాలిలో తీసుకొనిపోవాలంటే అరచేయి అడ్డం పెట్టాలి. దివిటీకి గుడ్డ చుట్టడం, నూనె పోయడం తెలిసిన మనిషి కావాలి. హరికేను లాంతరు వచ్చిన తరువాత ఈ బాధ చాలవరకు తీరినది. దాని పక్కనున్న రెండు బోలు గొట్టాల గుండా గాలి మంటకు చేరుతుంది గనుక, బయటి ఈదురుగాలి నేరుగా మంటను తాకదు. పొలానికి వెళ్ళే రైతు చేతికి ఇంతకన్న తగిన దీపం ఆనాడు లేదు.

కాని లాంతరు కూడ తన యజమాని నుండి కొంత విద్యను కోరుతుంది. వత్తి సమంగా కత్తిరించాలి. చిమ్నీకి పట్టిన మసిని రోజూ బూడిదతో తుడవాలి. వత్తిని ఎంతవరకు ఎత్తాలో తెలియాలి. వీటన్నిటికీ మించినది ఇంకొకటి: అది నిప్పు. పత్తి రాశుల దగ్గర, ఎండుమిరప కుప్పల దగ్గర, తాటాకు పాకల దగ్గర నిప్పు పట్టుకొని తిరగడం ఎంత ప్రమాదమో ఈ జిల్లాలవారికి వేరే చెప్పనక్కరలేదు. నిప్పులేని వెలుగు ఇతర ప్రాంతాలకు సుఖమైతే, పత్తి పండే నేలకు అది రక్షణ.

నిప్పులేని వెలుగు

ఆ వెలుగుకు మూలం హైస్కూలు ప్రయోగశాలలో మన విద్యార్థులు చూసే లెక్లాంషే ఘటమే. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జార్జి లెక్లాంషే 1866లో దీనిని రూపొందించినాడు. గాజుపాత్రలో నవాసారపు ద్రావణం, అందులో ఒక జింకు కడ్డీ, మరొకవైపు మాంగనీసు డైఆక్సైడు నడుమ బొగ్గుపలక. విద్యుత్తు పుట్టినది గాని, ఆ పాత్రను వంచితే ద్రావణం ఒలికిపోతుంది. కుండలో నీళ్ళు మోసినట్లు మోయవలసిన ఘటం చేతిదీపానికి పనికిరాదు గదా.

జర్మనీకి చెందిన కార్ల్ గాస్నర్ 1886లో ఈ ఇబ్బందిని తొలగించినాడు. నవాసారాన్ని ద్రావణంగా కాక, జిప్సపు ముద్దలో కలిపినాడు. గాజుపాత్రకు బదులు జింకునే డబ్బాగా చేసినాడు. ఆ డబ్బాయే ఘటానికి ఋణధ్రువం. ఇదే మనం సెల్లు అని పిలుస్తున్న అనార్ద్ర ఘటం. అది తలక్రిందులైనా ఒలకదు. సుమారు ఒకటిన్నర వోల్టులు ఇస్తుంది.

అమెరికాలో డేవిడ్ మైసెల్ అనే ఆయన ఇటువంటి ఘటాలను ఒక గొట్టంలో వరుసగా పేర్చి, ఒక కొసన చిన్న బల్బును, దాని వెనుక పరావర్తకాన్ని అమర్చినాడు. 1899 జనవరి 10వ తేదీన ఆయనకు పేటెంటు లభించినది. రష్యా సామ్రాజ్యం నుండి వలసవెళ్ళిన కాన్రాడ్ హ్యూబర్టు ఆ దీపాలను తన కంపెనీలో తయారుచేయించి, కొన్నిటిని న్యూయార్కు పోలీసులకు ఇచ్చి ప్రచారం చేసినాడు. ఆనాటి ఘటాలు బలహీనమైనవి. బొగ్గు తంతువు గల బల్బు విద్యుత్తును విపరీతంగా తాగేది. అందుచేత దీపాన్ని ఎడతెగక వెలిగించడానికి వీలులేదు. ఒక్క క్షణం వెలిగించి వదలివేయాలి. మెరుపుదీపం అనే అర్థంలో ఫ్లాష్‌లైటు అనే పేరు అందువల్లనే వచ్చినది. తరువాత టంగ్‌స్టన్ తంతువు రావడంతో వెలుగు నిలకడ చెందినది.

ఈ దీపం గొప్పతనం వెలుగులో లేదు. దాని వెలుగు ఒక కొవ్వొత్తికి అటూ ఇటూ మాత్రమే. గొప్పతనమంతా మీటలో ఉన్నది. ముందుకు జరిపితే వెలుగు, వెనుకకు జరిపితే చీకటి. వత్తి లేదు, నూనె లేదు, నేర్చుకోవలసిన విద్య లేదు. చీకటిలో వ్రేలితో తడిమి, దీపం ఏ స్థితిలో ఉన్నదో చెప్పవచ్చు.

మన జిల్లాలలో బ్యాటరీ లైటు

మన పల్లెలలో దీనిని టార్చి అనడం తక్కువ. బ్యాటరీ లైటు అనడమే వాడుక. మొదట ఇవి విదేశాలనుండి వచ్చినవి. ఎవరెడీ సంస్థ 1939లో కలకత్తాలో సెల్లుల కర్మాగారం స్థాపించినది. 1958లో లక్నోలో టార్చిలైట్ల తయారీ మొదలైనది. తెలుగునాట 1972లో ఏర్పడిన ఇండో నేషనల్ సంస్థ జపాను సహకారంతో నెల్లూరులో నిప్పో సెల్లులు తయారుచేసినది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు జిల్లానుండే వచ్చినవి గనుక, ఆ తాలూకాలవారికి ఇది పొరుగింటి సరుకు అన్నమాట.

ఆ కాలంలోనే పొలంలో రాత్రిపని పెరిగినది. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదిలినారు. కుడికాలువ కింద గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్టచేలు తడిసినవి. నీటివంతు పగలే వస్తుందని నియమం లేదు. బోర్లు, మోటార్లు వచ్చిన తరువాత కరెంటు వేళను బట్టి రైతు లేవవలసి వచ్చినది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రవేశపెట్టిన పిమ్మట కూడ చాలాకాలం రోజుకు ఏడు గంటల సరఫరాలో కొంత భాగం రాత్రిపూటే ఉండేది. స్టార్టరు దగ్గరకు నడిచిపోయే రైతు భుజాన తువ్వాలు, చేతిలో రెండు సెల్లుల లైటు – ఇది ఒక తరం చూసిన దృశ్యం. కలిగిన రైతు అయితే మూడు సెల్లుల లైటు పట్టుకొనేవాడు.

సెల్లుల లైటుకు లోపాలు లేకపోలేదు. అందులో కరిగిపోయే ఇంధనం జింకు డబ్బాయే. వాడినకొద్దీ డబ్బా పలుచబడి, చివరకు చిల్లుపడి, లోపలి తేమ కారి, లైటు గొట్టమే తుప్పుపట్టిపోయేది. నీరసించిన సెల్లులను ఎండలో పెట్టి మరికొద్ది రోజులు వాడుకోవడం అందరికీ తెలిసిన కిటుకు. ఇందులో మాయ ఏమీ లేదు. వేడి తగిలితే లోపలి రసాయన చర్య వేగం హెచ్చుతుంది, బొగ్గుకడ్డీ చుట్టూ అడ్డుపడిన పదార్థాలు కొంత సర్దుకొంటాయి. అయితే కరిగిపోయిన జింకు మాత్రం తిరిగి రాదు. అయిపోయిన సెల్లు కూడ వృథా కాలేదు. కొన్ని పల్లెబడులలో దానిలోని నల్లపొడిని దొండాకు పసరుతో నూరి నల్లబల్లకు పూసేవారు. మన ఉపాధ్యాయులలో పెద్దలకు ఈ సంగతి జ్ఞాపకం ఉండవచ్చు.

తిరిగి నింపుకొనే దీపం – మొదటి పాఠం

అయిపోయిన ఘటాన్ని పారవేయక తిరిగి నింపుకోవాలన్న ఆలోచన టార్చిలైటు కన్న పాతది. ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే 1859లోనే సీసపు సంచాయక ఘటాన్ని నిర్మించినాడు. స్వీడను దేశీయుడు వాల్డెమార్ యుంగ్నర్ 1899లో నికెలు–కాడ్మియం ఘటాన్ని కనిపెట్టినాడు. మైసెల్ గారి పేటెంటు సంవత్సరం కూడ అదే కావడం విశేషం. అయినా, ఇంటింటికీ తిరిగి నింపుకొనే టార్చిలైటు రావడానికి ఇంచుమించు ఒక శతాబ్దం పట్టినది.

అలా వచ్చిన ప్లాస్టిక్ లైట్లు మన అంగళ్ళలో విరివిగా అమ్ముడుపోయినవి. లోపల మూసివేసిన చిన్న సీసపు ఘటం, వెనుక గోడకు గుచ్చే రెండు పుల్లలు. సెల్లుల ఖర్చు తప్పినదని జనం సంతోషించినారు. కాని వాటిలో ఎన్నో ఏడాది తిరగకముందే మూలబడినవి. కారణం తయారీ నాసిరకం కావడం ఒక్కటే కాదు, ఆ ఘటపు స్వభావం కూడ. సీసపు ఘటం ఖర్చయినప్పుడు పలకలమీద సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది. వెంటనే నింపితే అది తిరిగి కరుగుతుంది. వారాలతరబడి అలాగే వదలివేస్తే పెద్ద స్ఫటికాలుగా గట్టిపడి, ఇక ఎంత విద్యుత్తు పంపినా కరగదు. ఇంట్లో చేతిదీపాన్ని వాడేది అప్పుడప్పుడు, మరచిపోయేది తరచుగా. మరచిపోతే చచ్చే ఘటాన్ని మరచిపోయే చేతికి ఇచ్చినారన్నమాట. పైగా చవక లైట్లలో గోడ విద్యుత్తుకు, లోపలి తీగలకు మధ్య ట్రాన్స్‌ఫార్మరు రక్షణ ఉండేది కాదు. పెంకు పగిలిన లైటును గోడకు గుచ్చి వెలిగించడం చేతులారా ప్రమాదం తెచ్చుకోవడమే.

రెండు నూతన సాధనాలు

ఈ చిక్కును విప్పినవి రెండు నూతన సాధనాలు. ఒకటి కాంతిని ఇచ్చే డయోడు, అనగా ఎల్‌ఈడీ. 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ కంటికి కనబడే ఎర్రని కాంతినిచ్చే డయోడును చేసి చూపినాడు. ప్రకాశవంతమైన నీలికాంతి డయోడు మాత్రం మరి ముప్పై ఏళ్ళకు గాని సాధ్యపడలేదు. దానిని సాధించిన జపాను శాస్త్రజ్ఞులు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నాకామురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించినది. నీలికాంతిపైన పసుపుకాంతినిచ్చే పూత పూస్తే మన కంటికి తెల్లని వెలుగు కనబడుతుంది. తంతువు బల్బులో విద్యుచ్ఛక్తి అధికభాగం వేడిగా పోతుంది. ఎల్‌ఈడీ ఒక వాటు శక్తితో సుమారు నూరు ల్యూమెన్ల కాంతిని ఇస్తుంది. కిందపడితే తెగే తంతువు లేదు; పాత లైటు అడుగున దాచుకొన్నట్లు అదనపు బల్బు దాచుకోనక్కరలేదు.

రెండవది లిథియం అయాను ఘటం. జపానులోని సోనీ సంస్థ 1991లో దీనిని అంగడికి తెచ్చినది. దీనికి పునాదులు వేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకీరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చినది. ఈ ఘటంలో నిలవచేసిన విద్యుత్తు నెలకు కొద్ది శాతం మాత్రమే తరుగుతుంది. కొన్ని నెలలు మరచిపోయినా దీపం వెలుగుతుంది. అయితే ఇది అతివేడిని, చిల్లుపడడాన్ని, హద్దుమీరి నింపడాన్ని సహించదు; మంటలు లేవవచ్చు. కాబట్టి మంచి లైటులో దీనిని కాపాడే చిన్న విద్యుద్వలయం తప్పక ఉంటుంది.

విద్యార్థులు ఒక చిన్న లెక్క కట్టవచ్చు. టార్చిలైట్లలో వాడే ఒక ఘటం వ్యాసం 18 మిల్లీమీటర్లు, పొడవు 65 మిల్లీమీటర్లు. దానిలో 2 ఆంపియరు–గంటల విద్యుత్తు, 3.7 వోల్టుల వద్ద నిలవ ఉన్నదనుకొందాం. రెండింటినీ హెచ్చవేస్తే 7.4 వాటు–గంటలు. ఒక వాటు దీపం దానిమీద, నష్టాలు పోను, సుమారు ఆరు గంటలు వెలుగుతుంది. సెల్‌ఫోను ఛార్జరు 5 వోల్టుల వద్ద ఒక ఆంపియరు, అనగా 5 వాట్లు ఇస్తే, అది రెండు గంటలలో తిరిగి నిండుతుంది. ఇక వెలుగు చాలునా? అన్నివైపులా ఒక క్యాండెలా కాంతినిచ్చే కొవ్వొత్తినుండి వెలువడేది సుమారు పన్నెండున్నర ల్యూమెన్లు. నూరు ల్యూమెన్లంటే ఎనిమిది కొవ్వొత్తుల వెలుగును ఒకేవైపుకు మళ్ళించడం. నడిచే దారికి ఇది ధారాళం.

నాయనమ్మ చేతికి ఏ దీపం?

ఇంతవరకు చరిత్ర ఒకే దిశలో నడిచినది. ప్రతి మెట్టులోనూ దీపం తన యజమానికి ఒక పనిని తగ్గిస్తూ వచ్చినది. కాని నేటి లైట్లు కొన్ని ఈ దారి తప్పినవి. లోపలి సాంకేతికత చవకైనందువల్ల ఒకే మీటకు అయిదు పనులు అప్పగించినారు. హెచ్చు, తగ్గు, మిణుకు, ప్రమాద సంకేతం, తాళం. వత్తి కత్తిరించే విద్య పోయినది, మీట నొక్కులు లెక్కపెట్టే విద్య వచ్చినది. సాంకేతిక విషయాలు తెలిసినవారికి ఇది వినోదం. నడిరేయి లేచిన ముసలి చేతికి ఇది శిక్ష.

కాబట్టి ఇంట్లోని పెద్దలకు లైటు కొనేటప్పుడు వెలుగు అంకెలకన్న ముందు మీటను చూడాలి. ఒక నొక్కుకు వెలగాలి, మరొక నొక్కుకు ఆరాలి. జరిపే మీట అయితే మరీ మంచిది. అది గొట్టం పక్కన, బొటనవ్రేలికి అందేచోట, తడిమితే తెలిసేటంత ఎత్తుగా ఉండాలి. వెలుగు సన్నని గీతలా దూరం పోయేది కాక, అడుగుల ముందు వెడల్పుగా పరచుకొనేది కావాలి. పాము ఉండేది కాలిముందు రెండు మీటర్లలో గాని, చేను చివర కాదు. శుక్లాలు ఉన్న కంటికి నీలివన్నె తెలుపు మిరుమిట్లు గొలుపుతుంది; కొంచెం పసుపు కలిసిన వెలుగు హాయి.

నింపడం సంగతి. గోడకు గుచ్చే పుల్లల లైటు వద్దు. ఇంట్లో అందరి ఫోనుకు వాడే తీగతోనే నిండేది తీసుకోవాలి. 2014లో రూపొందిన టైప్–సి తీగను ఎటు తిప్పి గుచ్చినా సరిపోతుంది. చూపు తగ్గినవారికి ఇది పెద్ద మేలు. ఘటాన్ని పెద్దవారు విప్పి తీసే అవసరం ఉండకూడదు. కాని ఘటం కొన్ని ఏళ్ళకు ముసలిదైనప్పుడు, తెలిసినవారు మార్చడానికి వీలున్న లైటు అయితే మొత్తం పారవేయనక్కరలేదు. పాడైన లిథియం ఘటాన్ని పాత సెల్లులా పగులగొట్టరాదు, చెత్తలో వేయరాదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే.

ఎంత మంచి దీపమైనా నింపకపోతే వెలగదు. దీనికి యంత్రం కాదు, అలవాటు కావాలి. లైటుకు గోడమీద ఒక మేకు ఏర్పాటుచేసి, ఎప్పుడూ అక్కడే తగిలించాలి. వారానికి ఒకరోజు, ఊరి సంతనాడు అనుకొందాం, దానిని నింపే పని ఇంట్లోని బడిపిల్లవానికి అప్పగించాలి. వేసవిలో రేకుల కప్పు కింద, ఎండ పడే కిటికీలో దానిని ఉంచరాదు. మన ప్రాంతపు ఎండ ఘటానికి ఆయువు తగ్గిస్తుంది. సెల్లులను ఎండబెట్టిన పాత అలవాటు ఇక్కడ పనికిరాదని పెద్దలకు నెమ్మదిగా చెప్పాలి.

ఉపాధ్యాయులు తరగతిలో మూడు పరీక్షలు చేయించవచ్చు. పిల్లలు తమ ఇళ్ళలోని లైట్లను తెచ్చి, కళ్ళు మూసుకొని, ఒక్కొక్కదానిని ఎన్ని క్షణాలలో వెలిగించి ఆర్పగలరో లెక్కించాలి. పూర్తిగా నింపిన లైటు ఎన్ని గంటలు వెలిగినదో కనిపెట్టి, పైన చెప్పిన లెక్కతో పోల్చాలి. నింపిన లైటును నెలరోజులు తాకకుండా ఉంచి, మళ్ళీ వెలిగించి చూడాలి. ఈ మూడింటిలో నెగ్గిన లైటే ఇంటికి తగినది. పెట్టెపైన అచ్చువేసిన అంకెలకన్న పిల్లలు నోటుపుస్తకంలో రాసుకొన్న అంకెలు నమ్మదగినవి.

ఇప్పుడు మళ్ళీ ఆ మిరప కల్లానికి పోదాం. గాలి లేచినది. పట్టా కొట్టుకొంటున్నది. నాయనమ్మ చేయి చాచి మేకునుండి లైటు తీసుకొని, బొటనవ్రేలితో మీట జరిపినది. కాలిముందు నేల తెల్లగా కనబడినది. నెఱ్ఱె పక్కన ఏదో కదిలి, వెలుగు చూసి ఆమె ఆగిన క్షణంలో పక్క చేనిలోకి జారిపోయినది. ఆమె ఒక నిమిషం నిలబడి, తరువాత నడిచిపోయి పట్టా సర్దివచ్చినది. లెక్లాంషే మొదలు యోషినో వరకు ఇంతమంది పడిన శ్రమ సార్థకమైనది ఆ ఒక్క నిమిషంలోనే.